బతుకమ్మకు బంతి, శివరాత్రికి కందగడ్డ: వేరు నులిపురుగు పట్టిన చెల్కను మళ్లీ దారికి తెచ్చుకోవడం ఎలా

నులిపురుగు అనగానే మన దగ్గర ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బడిలో పిల్లలకు మింగించే ఆల్బెండజోల్ గోలీ. ఇక్కడ చెప్పేది ఆ కడుపులో పురుగు గురించి కాదు, మట్టిలో ఉండి పంట వేర్లలోకి దూరే దాని గురించి. పేరు ఒక్కటే కానీ జాతులు వేరు, ఇది మనిషికి పట్టదు. కాబట్టి పురుగు పట్టిన గడ్డ తింటే ఏమవుతుందో అని టెన్షన్ పడకండి, నల్ల మచ్చలు పోయేదాకా తొక్క మందంగా చెక్కి ఉడకేసుకుంటే చాలు. నష్టమంతా అమ్మే దగ్గరే.

కందగడ్డ అని నేను రాసేది శివరాత్రి ఉపవాసానికి ఉడకేసుకునే తియ్య గడ్డ గురించి. ఆంధ్ర వైపు చిలగడదుంప అంటారు, సీమ వైపు గెనుసుగడ్డ అంటారు. కూరకు కోస్తే చేతులు దురద పెట్టే పెద్ద కంద వేరే, దాంతో కలపకండి.

మా చెల్క దేవరకొండ దిక్కున ఉంది. ఎర్ర దుబ్బ నేల, ఒక బోరు, అందులో ముప్పై గుంటలు కందగడ్డకని పెట్టుకున్నాం. మొదటి రెండేళ్లు గడ్డలు నున్నగా, ఒక్కోటి జానెడు పొడుగు వచ్చాయి. మూడో ఏడు పైన తీగ బాగానే ఉంది అనుకున్నాం, తవ్వితే సగం గడ్డలు నిలువునా పగిలి ఉన్నాయి, మిగతావాటి తొక్క మీద పొక్కుల్లా లేచాయి. మార్కెట్లో కొనే ఆయన కుప్ప చూసి పగిలినవి పక్కకు తీయమన్నాడు, తీస్తే పక్కన పెట్టిన కుప్పే పెద్దగా ఉంది. నీళ్లు ఎక్కువ తక్కువలు అయ్యాయేమో అని మా నాయన, యూరియా తక్కువైందని పక్క చెల్క ఆయన. నేను మందుల షాపుకు పోయి ఇచ్చిన గుళికలు తెచ్చి తర్వాతి పంటకు పోశాను. మళ్లీ అదే కథ. ఆ రెండు పంటల్లో ఒక్కసారి కూడా ఎవరమూ వేరు పీకి కడిగి చూడలేదు. ఈ పురుగు మీద గెలిచేది ఓడేది తీగ నాటకముందే, నాటిన తర్వాత చేసేది చాలా తక్కువ. అందుకే కింద రాసిందాంట్లో ఎక్కువ భాగం పంట లేనప్పుడు చేసే పనులే.

అసలు మట్టిలో ఏం జరుగుతోంది

కందగడ్డను మన దగ్గర పీడించేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వేరుబుడిపె నులిపురుగు, శాస్త్రం పేరు మెలాయిడోగైన్. రెండోది మూత్రపిండం ఆకారంలో ఉండే రెనిఫార్మ్ నులిపురుగు. లోకంలో ఇంకా ఉన్నాయి, చైనాలో డైటిలెంకస్ అనేది గడ్డ లోపల కుళ్లబెట్టి రైతులను చాలా ఏడిపిస్తుంది, జపాన్‌లో వేర్ల మీద పుండ్లు చేసే ఇంకో జాతి ఉంది. మనం ముందుగా అనుమానించాల్సింది మాత్రం ఈ రెండింటినే.

వేరుబుడిపె పురుగు పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, దారప్పోగులో ముక్కలా సన్నగా, రంగు లేకుండా ఉంటుంది. గుడ్డు పగలగొట్టుకుని వచ్చి, మట్టి రేణువుల మధ్య ఉండే నీటి పొరలో ఈదుకుంటూ లేత వేరు కొసను వెతుక్కుని లోపలికి పోతుంది. అక్కడ ఒకచోట తల ఆనించి కూర్చుంటే ఇక కదలదు. దాని ఉమ్మి వల్ల చుట్టూ ఉన్న కొన్ని కణాలు ఉబ్బి పెద్ద పెద్ద తిండి గిన్నెల్లా తయారవుతాయి, మొక్క పైకి పంపాల్సిన నీళ్లూ పోషకాలూ అక్కడే ఆగుతాయి. ఆ ఉబ్బే మనకు కనపడే బుడిపె. ఆడపురుగు బేరిపండులా లావెక్కి, జిగురు సంచిలో 300 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఇన్‌కాగ్నిటా జాతికి మగపురుగుతో పని కూడా లేదు, ఒక్క ఆడదే చాలు.

వేడి నేలలో గుడ్డు నుంచి గుడ్డు దాకా 25, 30 రోజులే. కందగడ్డ 110, 120 రోజుల పంట, అంటే ఒక్క పంటలో నాలుగు తరాలు. ఒక పురుగు 300 గుడ్లు పెట్టి అందులో పదోవంతే బతికిందనుకున్నా మొదటి నెలకు 30, రెండో నెలకు 900, మూడో నెలకు 27 వేలు, నాలుగో నెలకు ఎనిమిది లక్షల పైన. నిజంగా అన్ని ఉండవు, వేరులో చోటు సరిపోక ఆగిపోతాయి, కానీ మొదటి ఏడు ఒక మూలన కనపడింది మూడో ఏటికి చెల్కంతా ఎట్లా పాకుతుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. నాకైతే ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే భయమేసింది.

ఇంకో కష్టం ఏమిటంటే కందగడ్డ ఇష్టపడేది గుల్లగా ఉండే చెల్క, దుబ్బ నేలలనే, ఈ పురుగు సాఫీగా కదిలేదీ అలాంటి మట్టిలోనే. నల్లరేగడిలో వేరుబుడిపె జోరు కొంచెం తక్కువ. అయితే రెనిఫార్మ్ పురుగుకు కాస్త బరువు నేలలైనా ఇబ్బంది లేదు.

గడ్డ పగలడం వెనక ఉన్న కారణం కూడా ఇదే. నాటిన మొదటి నెలలోనే ఏ వేరు గడ్డ కావాలో మొక్క తేల్చుకుంటుంది. సరిగ్గా ఆ లేత వేరులోకి పురుగు దూరితే అక్కడ తొక్క సాగదు, లోపల గడ్డ ఊరుతూ పోతుంది, చివరికి నిలువునా చీలుతుంది. అంటే ఫిబ్రవరిలో మనం చూసే పగులుకు బీజం నవంబర్లోనే పడింది, జనవరిలో ఏ మందు పోసినా ఆ పగులు అతకదు.

ముందు వేరు పీకి చూడండి

చేనులో పైన కనపడే గుర్తులు మోసం చేస్తాయి. తడి ఉన్నా మధ్యాహ్నం ఎండకు ఆకులు వాడి సాయంత్రానికి లేవడం, తీగ సాగకపోవడం, ఆకులు లేత పసుపు కావడం, అదీ చేనంతా కాకుండా గుంపులు గుంపులుగా ఉండటం, ఇవన్నీ అనుమానానికి పనికొస్తాయి కానీ తీర్పుకు పనికిరావు. రెనిఫార్మ్ పట్టిన చేనైతే అంతా ఒకే తీరుగా కొంచెం పొట్టిగా ఉండి, ఈ ఏడు ఇంతేలే అనిపిస్తుంది.

నాటిన 40, 50 రోజులకు బాగోలేని చోట రెండు, బాగున్న చోట రెండు మొక్కలు పారతో మట్టిగడ్డతో సహా లేపండి. చేత్తో గుంజితే సన్న వేర్లు మట్టిలోనే తెగిపోతాయి, మనకు కావలసింది అవే. బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా మట్టి కరిగించండి. వంకాయ, టమాటా వేర్లకు వచ్చినంత పెద్ద బుడిపెలు కందగడ్డకు రావు, ఆవగింజంత, ఇంకా చిన్నవి, వేరు దారంలో అక్కడక్కడ ముడి వేసినట్టు ఉంటాయి. పల్లి వేసిన చేను కూడా పక్కనే ఉంటే ఒక తేడా గుర్తుపెట్టుకోండి: పల్లి, పెసర వేర్లకు ఉండే నత్రజని బుడిపెలు వేరు పక్కన అతికించినట్టు ఉండి గోటితో గీకితే ఊడొస్తాయి, నులిపురుగు బుడిపె వేరే ఉబ్బినది కాబట్టి ఊడదు.

బుడిపెలు లేవు, కానీ ఎంత కడిగినా వేర్లకు మట్టి చుక్కలు చుక్కలుగా అంటుకునే ఉందా? అది రెనిఫార్మ్ పని అయి ఉండొచ్చు. ఆ పురుగు సగం వేరులో, సగం బయట ఉండి జిగురులో గుడ్లు పెడుతుంది, ఆ జిగురుకు మట్టి పట్టుకుంటుంది. ఇది బుడిపెలు చెయ్యదు కాబట్టి మా వేర్లు బాగానే ఉన్నాయి అని చాలామంది వదిలేస్తారు.

గడ్డ తవ్వాక పరీక్ష ఇంకా సులువు. పొక్కులున్న చోట తొక్క పలుచగా గీకండి. తొక్క కిందనే చిన్న ముదురు రంగు చుక్కలు, మధ్యలో ముత్యంలా తెల్లగా మెరిసే గింజంతది కనిపిస్తే అది ఆడపురుగే, భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. పగులు ఉంది కానీ లోపల ఏ మచ్చా లేదంటే చాలా రోజులు ఎండగట్టి ఒక్కసారే నీళ్లు పెట్టడం వల్ల కావచ్చు. సొరంగాల్లా తొలిచి, నల్లబడి, చేదు వాసన కొడితే అది ముక్కు పురుగు, దాని వైద్యం పూర్తిగా వేరు. ఈ మూడూ కలిపేసుకుని ఒకదాని మందు ఇంకోదానికి పోసేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు, నేనూ అందులో ఒకణ్ణి.

బత్తాయి తోటలున్న నల్లగొండ రైతులకు ఒక మాట. తోటలు మెల్లగా ఎండిపోవడానికి నులిపురుగు కారణమని మీకు ఎప్పుడో చెప్పి ఉంటారు. అది నిమ్మ జాతి చెట్ల వేర్లకు పట్టే వేరే పురుగు, కందగడ్డ జోలికి రాదు. బత్తాయి తీసేసిన చెల్కలో కందగడ్డ వేద్దామనుకుంటే ఆ పురుగు గురించి భయం అక్కర్లేదు, తోటలో పెరిగిన గడ్డి గాదం మీద వేరుబుడిపె ఏమైనా బతికిందా అన్నదే చూడాలి.

బకెట్‌లో టమాటా

పంట లేనప్పుడు నేల సంగతి తెలుసుకోవడానికి ఖర్చు లేని ఉపాయం ఇది. చెల్కలో అడ్డదిడ్డంగా నడుస్తూ పదిహేను, ఇరవై చోట్ల పైన రెండు వేళ్ల మందం మట్టి తీసేసి, జానెడు లోతు నుంచి పిడికెడు పిడికెడు తీసి కలపండి. బాగా దెబ్బతిన్న మూల ఉంటే దాన్ని విడిగా తీయండి. ఆ మట్టిని పాత పెయింట్ బకెట్‌కు కింద బెజ్జాలు పెట్టి నింపి, రెండు మూడు టమాటా మొలకలు నాటండి. నారు మాత్రం వేరే శుభ్రమైన మట్టిలో పోసుకున్నదై ఉండాలి, పురుగును తట్టుకునే నిరోధక రకం కాకూడదు. ఐదారు వారాలు నీళ్లు పోసి, తర్వాత బకెట్ బోర్లించి వేర్లు కడగండి. టమాటాకు బుడిపెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. నేను మూడు బకెట్లు పెడితే బోరు దగ్గరి మట్టిలో వేర్లు రుద్రాక్షమాలలా అయ్యాయి, పై గట్టు వైపు మట్టిలో ఒకటో రెండో ఉన్నాయి. ఆ ఏడు పై గట్టు వైపు మాత్రమే కందగడ్డ వేసి, కింద భాగం వదిలేశాం.

ఈ పరీక్ష వేరుబుడిపెకే. రెనిఫార్మ్ ఉందా, ఎన్ని ఉన్నాయి అన్నది తేలాలంటే ల్యాబ్‌కే పోవాలి. అదే పద్ధతిలో తీసిన మట్టి అరకిలో, దాంతోపాటు గుప్పెడు సన్న వేర్లు, పాలిథిన్ సంచిలో మూతి కట్టి, నీడన పెట్టి, ఒకటి రెండు రోజుల్లో అందేటట్టు చూడండి. ఎండలో బండి మీద పెట్టారంటే పురుగులు చచ్చిపోయి రిపోర్టులో ఏమీ లేవని వస్తుంది. మామూలు భూసార పరీక్షకు మట్టిని ఆరబెట్టి పంపుతాం కదా, దీనికి అస్సలు ఆరబెట్టకూడదు, నులిపురుగుల పరీక్ష అని చీటీ మీద పెద్దక్షరాలతో రాయండి. నల్లగొండ వాళ్లకు కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ వాళ్లకు పాలెం, వనపర్తి వాళ్లకు మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాలు దగ్గర. అక్కడ చేయకపోతే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఎట్లా పంపాలో వాళ్లే చెప్తారు. మట్టి తీయడానికి మంచి సమయం పంట తవ్వే రోజులే, అప్పుడే పురుగు సంఖ్య ఎక్కువగా ఉంటుంది.

తీగ ఎక్కడిది?

పురుగు తనంతట తాను ఏడాదికి మీటరు దూరం కూడా పోలేదు. దాన్ని ఊరూరా తిప్పేది మనమే. అద్దె ట్రాక్టర్ కల్టివేటర్ పళ్లకు అంటిన మట్టి, పై చేను నుంచి పారే నీళ్లు, చెప్పులు, నర్సరీ సంచుల మట్టి, అన్నిటికంటే ఎక్కువగా నాటే సామాను.

కందగడ్డలో మనకు ఒక అదృష్టం ఉంది, గడ్డ నాటం, తీగ ముక్క నాటతాం. పురుగు వేర్లలో, గడ్డలో, మట్టిలో ఉంటుంది కానీ గాల్లో ఉన్న తీగలో ఉండదు. కాబట్టి తీగను నేలకు రెండు మూడు వేళ్లు పైన కత్తితో కోస్తే పురుగు రాదు. పాత చేను నుంచి తీగను గుంజి, కణుపుల దగ్గర పట్టిన వేర్లతో, మట్టితో సహా మోపు కట్టి తెస్తే పురుగును బండెక్కించుకుని తెచ్చినట్టే. కొన తీగలు, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉన్నవి తీసుకోండి, మొదలు వైపు ముదురు ముక్కలు వద్దు. పక్క ఊరి నుంచి తెచ్చేవాళ్లు, ఆ చేనులో గడ్డలు ఎట్లా ఉన్నాయో ఒకటి తవ్వి చూపించమని అడగండి, మొహమాటం పడకండి.

గడ్డలు పాతి నారుమడి పెంచేవాళ్లైతే ఇంకా జాగ్రత్త కావాలి. విత్తనానికి పెట్టే గడ్డ మీద ఒక్క పొక్కు ఉన్నా పక్కన పెట్టాలి. మడి కోసం రెండు మూడు గుంటలు చాలు కాబట్టి ఆ జాగాను ఎండతో కాల్చుకోవచ్చు: ఏప్రిల్, మే నెలల్లో నేల గుల్ల చేసి, బాగా తడిపి, పలుచటి తెల్ల పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల షీటు కాదు, అద్దంలా కనపడేదే కావాలి, దాని కిందే వేడి ఎక్కువ నిలుస్తుంది. మన దగ్గర 43, 44 డిగ్రీల ఎండలకు పై జానెడు మట్టి ఉడికిపోతుంది. చెల్కంతా పరవాలంటే ఖర్చు తట్టుకోలేం, మడికి మాత్రం చేసి తీరాలి.

తవ్విన రోజు నుంచి మళ్లీ నాటేదాకా

శివరాత్రికి గడ్డలు తవ్వేశాక మనం చేసే పని తీగ పశువులకు వేసి, చెల్కను అట్లే వదిలేయడం. మిగిలిన చిన్న గడ్డలు, వేర్లు మట్టిలో ఉండి చిగురిస్తాయి, పురుగుకు అదే అన్నం. కూలి ఇంకో రోజు ఎక్కువైనా సరే వేర్లు, పిల్ల గడ్డలు ఏరించి కుప్ప పెట్టి ఎండాక కాల్చేయండి. తర్వాత మార్చి చివర నుంచి రోహిణి కార్తె దాకా పది పదిహేను రోజులకోసారి, రెండు మూడు సార్లు లోతు దుక్కి చెయ్యండి. ప్రతి దుక్కికీ కొత్త మట్టి పైకొచ్చి ఎండకు మాడుతుంది, వేరుబుడిపె గుడ్లు, పిల్లలు చాలావరకు చస్తాయి. రెనిఫార్మ్ మాత్రం మొండిది, ఎండిన మట్టిలో ముడుచుకుని నిద్రపోయి వాన పడగానే లేస్తుంది. దానికి దుక్కి ఒక్కటే సరిపోదు, పంట మార్చాల్సిందే.

ఇక్కడే మన జిల్లాల్లో అసలు తప్పు జరుగుతోంది. పంట మారిస్తే చాలు అనుకుని కందగడ్డ తర్వాత పత్తి వేస్తారు, పాలమూరు వైపైతే ఆముదం. ఈ రెండూ రెనిఫార్మ్‌కు పెళ్లి భోజనం. అలసంద కూడా అంతే. టమాటా, వంకాయ, బెండ, దోస, కాకర, సొర వేస్తే వేరుబుడిపెకు పండగ. పేరుకు పంట మారింది కానీ పురుగుకు విస్తరాకు మాత్రమే మారింది, అన్నం అదే.

మరి ఏం వెయ్యాలి? పల్లి మంచిది, రెనిఫార్మ్‌కు అది ఎక్కదు, ఇన్‌కాగ్నిటా రకం వేరుబుడిపెకూ ఎక్కదు (పల్లినే పీడించే వేరుబుడిపె జాతి ఇంకోటి ఉంది, అందుకే పల్లి వేరు కూడా ఒకసారి కడిగి చూడండి). జొన్న రెనిఫార్మ్‌ను బాగా తగ్గిస్తుంది. మొక్కజొన్న రెనిఫార్మ్‌కు పడదు కానీ వేరుబుడిపెను బతికిస్తుంది, అందుకే మీ చేనులో ఉన్నది ఏ పురుగో తెలియకుండా మక్క వెయ్యొద్దంటాను. నువ్వులు వేరుబుడిపెకు అంతగా నచ్చవు. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్నవాళ్లకు వరి వేసే వీలుంది, వారాల తరబడి నీళ్లు నిలిస్తే గాలి ఆడక ఈ పురుగులు బాగా తగ్గుతాయి, ఒక వానాకాలం వరి తర్వాత యాసంగికి కందగడ్డ వేయడం వాళ్లకు తేలిక. బోరు కింద మనకు ఆ భాగ్యం లేదు.

మేం పట్టుకున్న దారి ఇది. జూన్‌లో తొలకరి పడగానే సగం భూమిలో జనుము చల్లాం, మిగతా సగంలో జూలైలో బంతి నాటాం. జనుములోకి పురుగు పోయినా సరిగా పెరగలేదు, పైగా 45, 50 రోజులకు పూత దశలో దున్నితే ఎరువు. బంతి వేర్లు పురుగుకు విషం లాంటి పదార్థాన్ని విడుస్తాయి, వేరుబుడిపె మీద బాగా పనిచేస్తుంది. కానీ ఒక షరతు: గట్ల చుట్టూ ఒక వరుస నాటి ఇక పురుగు పోతుంది అనుకుంటే లాభం లేదు. చెల్కంతా దగ్గర దగ్గరగా, రెండు మూడు నెలలు ఉండాలి, మధ్యలో కలుపు లేకుండా ఉండాలి. జూలైలో నాటిన బంతి బతుకమ్మకు, దసరాకు పూలు ఇస్తుంది, పూలు అమ్ముకుని చెట్టు అట్లే దున్నేసి, రెండు మూడు వారాలు మురగనిచ్చి, అక్టోబర్ చివర కందగడ్డ తీగ నాటితే శివరాత్రికి గడ్డ చేతికొస్తుంది. పూల ధర ఆ వారంలో ఎట్లా ఉంటే అట్లా, ఒక్కో ఏడు కోత కూలి కూడా రాదు, కానీ నేను ఆ లెక్క పూల ఖాతాలో వెయ్యను, గడ్డల ఖాతాలో వేస్తాను.

తమాషా ఏమిటంటే అదే బతుకమ్మలో పేర్చే గునుగు ఈ పురుగుకు నచ్చిన మొక్క. తోటకూర జాతి కలుపు, పాయలాకు కూడా అంతే. బంతి నాటి మధ్యలో గునుగు వదిలేస్తే ఒక చేత్తో చంపి ఇంకో చేత్తో పెంచినట్టు. గునుగు గట్ల మీద, బీళ్లలో ఎంతైనా ఉంది, బతుకమ్మకు అక్కడి నుంచి కోసుకోండి.

వీలుంటే రకం సంగతి కూడా చూడండి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన శ్రీభద్ర అనే కందగడ్డ రకానికి ఒక గొప్ప గుణం ఉంది: వేరుబుడిపె పురుగు దాని వేర్లలోకి పోతుంది కానీ గుడ్లు పెట్టే దాకా పెరగలేదు. అంటే ఎరపంటలా పనిచేస్తుంది. తీగ దొరకడమే కష్టం, ఉద్యానశాఖ ఆఫీసర్‌ను, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను వదలకుండా అడుగుతుండాలి. అయితే నిరోధక రకం అనగానే పూర్తి ధీమా వద్దు. అమెరికాలో నార్త్ కరోలినా రైతులు కోవింగ్టన్ అనే రకం నమ్ముకున్నారు, మామూలు వేరుబుడిపెను అది బాగా తట్టుకునేది. ఈలోగా ఎంటెరోలోబై అనే ఇంకో వేరుబుడిపె జాతి వచ్చి ఆ రకాన్నీ పీడించింది. ఆ జాతి మన దేశంలో జామ తోటలకు పట్టింది, తమిళనాడులో మొదలై జామ అంట్లతో తిరిగింది. అందుకే జామ తోటలో అంతరపంటగా కందగడ్డ వేద్దామనుకునేవాళ్లు ముందు జామ వేరు తవ్వి చూసుకోండి.

వేపపిండి, మంచి బూజు

నాటే ముందు ఆఖరి దుక్కిలో వేపపిండి ఎకరాకు 200 కిలోలు వేస్తే పురుగు మీద దెబ్బ, పంటకు బలం. నూనె పూర్తిగా తీసేసి పొడిగా మారిన పిండి అమ్ముతుంటారు, చేతిలో నలిపితే ఘాటు, చేదు వాసన రావాలి, లేకపోతే అది వట్టి పొట్టు.

దాంతోపాటు పురుగు గుడ్లను తినే మంచి శిలీంద్రాలు దొరుకుతున్నాయి, పాసిలోమైసిస్ అని పాత పేరు, పర్‌ప్యూరియోసిలియం అని కొత్త పేరు ఉన్నది ఒకటి, పొకోనియా అనేది ఇంకోటి. ట్రైకోడెర్మా శిలీంద్రం, సూడోమోనాస్ బ్యాక్టీరియా మీకు తెలిసినవే. వీటిని పొడిగా చల్లితే ఎండకు చస్తాయి. 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల శిలీంద్రం పొడి కలిపి, చేతికి తడి తెలిసేలా నీళ్లు చిలకరించి, చెట్టు నీడన గోనెసంచులు కప్పి పదిహేను రోజులు ఉంచండి, మధ్యలో రెండుసార్లు తిరగేయండి. తెల్లగా బూజు పాకితే తయారైనట్టు. దాన్ని చెల్కంతా వెదజల్లకుండా బోదెలు చేసేటప్పుడు తీగ నాటే వరుసలోనే వేయండి, ఎందుకంటే మనం కాపాడాల్సింది మొదటి నెల రోజుల లేత వేర్లను. ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి కొనండి, షాపులో రేకు కింద ఎండలో ఏడాది ఉన్న పొడిలో ఏ ప్రాణమూ మిగలదు. ఇది ఒక్క ఏడులో అద్భుతం చేయదు, రెండు మూడు పంటలు వరుసగా వేస్తే తేడా కనిపిస్తుంది.

గుళికల సంగతి

షాపులో ఇప్పటికీ మొదటి మాట గుళికలే. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధం, ఎవరైనా పాత సరుకు ఇస్తే తీసుకోవద్దు. కార్బోఫ్యూరాన్ మీద కూడా 2023లో కేంద్రం ఆంక్షలు పెట్టింది, పూతపూసిన 3 శాతం గుళికలు తప్ప మిగతా రూపాలు తీసేశారు. కొత్తగా ఫ్లూయోపైరామ్, ఫ్లూయెన్‌సల్ఫోన్ లాంటి నులిపురుగు మందులు వచ్చాయి, పాతవాటికంటే మేలు, ధర మాత్రం గుండె గుభేల్‌మనేలా ఉంటుంది. ఏది కొన్నా లేబుల్ మీద మీ పంట పేరు ఉందా, తవ్వడానికి ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది చదవండి, చదవడం రాకపోతే రైతు వేదికలో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి)తో చదివించుకోండి. ఇది మట్టిలో ఊరే గడ్డ, మందు నేరుగా తినే భాగం పక్కనే పడుతుంది. మందు ఏదైనా నాటేటప్పుడు, లేదా అంతకు ముందు వేస్తేనే పని, రెండు నెలల తీగ మీద పోసిన డబ్బు నీళ్లపాలు.

చేను మీద ఉండగా బయటపడితే

పెద్దగా చేసేదేం లేదు, ఉన్నమాట. నీళ్లు ఎక్కువ తక్కువలు లేకుండా కొంచెం కొంచెం తరచుగా ఇవ్వండి, వేర్లు సగం దెబ్బతిన్న మొక్కకు ఒక్క వారం ఎండినా తట్టుకునే శక్తి ఉండదు, పగుళ్లూ పెరుగుతాయి. యూరియా పెంచొద్దు, తీగే పెరుగుతుంది. దెబ్బతిన్న మూలలో కట్టెలు పాతి గుర్తు పెట్టుకోండి, పంట తీసేశాక ఆ చోటు మరచిపోతాం. ఆ మూల నుంచి తీగ ముక్కలు కొయ్యొద్దు, ఆ మూలను ఆఖరున తవ్వండి, పార అక్కడే కడిగి ఇంటికి తెండి. ట్రాక్టర్ ఆయనకు కూడా మంచి చెల్క ముందు, ఈ చెల్క తర్వాత అని చెప్పండి, నవ్వుతాడు, నవ్వనివ్వండి.

తవ్విన గడ్డల్లో పగిలినవి నిల్వ ఉండవు, పగులులోంచి కుళ్లు మొదలై పక్క గడ్డలకూ పాకుతుంది, మొదటి రోజే ఏరి తక్కువ ధరకైనా అమ్మేయండి, మంచివాటితో కలిపి సంచి కట్టకండి. అమ్ముడుపోనివి పశువులకు వేస్తే ఉడకేసి వేయండి. మేం పగుళ్లు వచ్చిన మొదటి ఏడు అవన్నీ తీసుకుపోయి పెంటకుప్ప మీద పోశాం, ఆ పెంటనే మరుసటి ఏడు మే నెలలో బండ్లకెత్తి పై గట్టు చెల్కకు తోలాం.